సేవా సంస్థ కోసం వీడియో తీయడం ఎలా: ఒక రక్తదాన వీడియోతో పాటు మొదటి నుంచి చివరిదాకా

ఊళ్లో యువజన సంఘం నడిపేవాళ్లకి, చిన్న ట్రస్టులో పనిచేసేవాళ్లకి, కాలేజీలో ఎన్ఎస్ఎస్ చూసుకునే లెక్చరర్లకి ఏదో ఒకరోజు ఈ పని నెత్తిన పడుతుంది: "మనం చేస్తున్నదాని మీద ఒక మంచి వీడియో చేసి పెట్టండి." బడ్జెట్ ఉండదు, కెమెరామన్ ఉండడు, ఉన్నదల్లా ఒక ఫోను, ఓ వారం టైము. అవి సరిపోతాయి. పని చెడేది వేరే చోట. ఎవరికి ఏం చెప్పాలో తేల్చుకోకుండా తీయడం మొదలుపెడతారు, తీశాక అందులో కనిపించేవాళ్ల పరువు సంగతి ఆలోచించకుండా అప్‌లోడ్ చేసేస్తారు. ఈ రెండు చోట్ల జాగ్రత్తపడితే మిగతా టెక్నికల్ విషయాలన్నీ ఎవరైనా నేర్చుకోగలిగినవే.

గాల్లో చెప్పుకోకుండా ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. తలసేమియా పిల్లల కోసం వేసవిలో రక్తదాతలను పిలిచే వీడియో తీస్తున్నాం అనుకోండి. మీ పని చెరువు పూడిక గురించైనా, సర్కారు బడిలో లైబ్రరీ గురించైనా అడుగులు ఇవే.

1. ఫోన్ తీసేముందు ఒక్క వాక్యం రాయండి

తలసేమియా మేజర్ ఉన్న బిడ్డ ఒంట్లో రక్తం సరిగా తయారవదు. అందుకని రెండు మూడు వారాలకోసారి బయటి రక్తం ఎక్కించాల్సిందే, పసితనం నుంచీ, ఏళ్ల తరబడి. ఏప్రిల్, మే వచ్చేసరికి కాలేజీలు మూసేస్తారు, ఎండలకి క్యాంపులు ఆగిపోతాయి, బ్లడ్ బ్యాంకులో నిల్వలు పడిపోతాయి, కానీ ఆ బిడ్డ తేదీ మాత్రం మారదు. ఇదీ విషయం. ఇప్పుడు ఈ విషయంతో వీడియో చూసినవాడు ఏం చేయాలి?

"అవగాహన కల్పించడం" అని రాయకండి. అది ఎవరూ చేయగలిగిన పని కాదు, జరిగిందో లేదో తెలుసుకోవడానికి కూడా వీలు లేదు. ఇలా రాయండి: "మన పట్టణంలో డిగ్రీ, ఇంజనీరింగ్ చదువుతూ ఇప్పటిదాకా ఒక్కసారి కూడా రక్తం ఇవ్వని పిల్లలు, ఇది చూశాక మే 8 లోపు ఫలానా బ్లడ్ బ్యాంకుకు వచ్చి ఒక యూనిట్ ఇవ్వాలి." ఎవరు, ఏం చేయాలి, ఎక్కడ, ఎప్పటిలోపు, నాలుగూ ఉన్నాయి. మే 8 ప్రపంచ తలసేమియా దినం కాబట్టి ఆ తేదీకి ఒక అర్థం కూడా ఉంది.

ఈ వాక్యం రాసేటప్పుడే చాలా సంగతులు బయటపడతాయి. ఉదాహరణకి, ఎర్ర రక్తకణాల ప్యాకెట్ ఫ్రిజ్‌లో గరిష్ఠంగా 35 నుంచి 42 రోజులు ఉంటుంది, సంచిలో వాడే ద్రావణాన్ని బట్టి. అంటే ఒక నాయకుడి పుట్టినరోజున ఒకేసారి వందలమంది ఇచ్చేసి ఆ తర్వాత మూడు నెలలు ఎవరూ రాకపోతే పిల్లలకి పెద్ద ఉపయోగం లేదు. కాబట్టి "మెగా క్యాంపుకు రండి" అని పిలిచే వీడియో కన్నా "ఈ ఆరు వారాల్లో మీకు వీలైన ఒక రోజు ఎంచుకుని రండి" అని అడిగే వీడియో మేలు. బ్లడ్ బ్యాంకులో పనిచేసే టెక్నీషియన్‌తో అరగంట కూర్చుంటే ఇలాంటివి చెబుతారు, ఆ అరగంట లేకుండా స్క్రిప్టు జోలికి పోకండి.

ఒక వీడియోలో ఒకటే అడగండి. రక్తం ఇవ్వమని, డబ్బు పంపమని, పెళ్లికి ముందు హెచ్‌బీఏ2 (ఒంట్లో తలసేమియా జన్యువు ఉందో లేదో చెప్పే) పరీక్ష చేయించుకోమని మూడూ ఒకే దాంట్లో అడిగితే చూసినవాళ్లు ఏదీ చేయరు. ఆ మూడో విషయం చాలా ముఖ్యమైనదే. భార్యాభర్తలు ఇద్దరూ వాహకులైతే, అంటే జబ్బు లేకపోయినా ఆ జన్యువు మోసేవాళ్లైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. కానీ అది పెళ్లీడు పిల్లలున్న ఇళ్లకి చెప్పాల్సిన మాట, దానికి వేరే వీడియో తీయండి.

తర్వాత, ఆ చూసేవాడికి అడ్డం పడుతున్నదేంటో కనుక్కోండి. కాలేజీ పిల్లల్ని అడిగితే చాలామంది చెప్పేవి ఇవే: నీరసం వస్తుందేమో, సూదంటే భయం, ఇంట్లో అమ్మ ఒప్పుకోదు, నేను సన్నగా ఉంటాను నా దగ్గర తీసుకోరు. మీ వీడియో వీటికి జవాబు చెప్పాలి. 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి, తీసేది 350 మిల్లీలీటర్లు, బరువు 55 కిలోలు దాటితే 450 దాకా తీస్తారు, మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. జబ్బు ఎంత బాధాకరమో వివరించడానికి మూడు నిమిషాలు పెట్టి, ఈ నాలుగు ముక్కలు చెప్పకుండా వదిలేసిన వీడియోలు ఎన్ని చూశామో.

2. అనుమతి: అన్నిటికన్నా ఎక్కువ టైము దీనికే ఇవ్వండి

ఇక్కడ తొందరపడొద్దు. ఆస్పత్రి మంచం పక్కన నిలబడి, బిడ్డకు రక్తం ఎక్కుతుండగా, "అమ్మా, ఒక చిన్న వీడియో తీసుకుంటాం" అంటే ఏ తల్లి కాదనగలదు? ఆ రక్తం ఏర్పాటు చేసింది మీ సంస్థే అయితే ఆమెకు కాదనే వీలే లేదు. అందుకని అడిగేది మందులిచ్చేవాళ్లో, రక్తం ఏర్పాటు చేసేవాళ్లో కాకూడదు. వేరే మనిషి, వేరే రోజు, వీలైతే వాళ్లింట్లో, ఇంటిపెద్దతో పాటు తల్లి కూడా ఉన్నప్పుడు అడగాలి. "ఆలోచించుకుని చెప్పండి, వద్దంటే వద్దు, మీ బిడ్డకు అందేదాంట్లో ఏ తేడా రాదు" అని నోరు తెరిచి చెప్పాలి, రెండు రోజులాగి జవాబు తీసుకోవాలి.

అడిగేటప్పుడు వీడియో ఎక్కడెక్కడ కనిపిస్తుందో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి. "సోషల్ మీడియా" అంటే సరిపోదు. మీ ఫోన్‌లోనే ఇలాంటి వీడియో ఒకటి చూపించి, "ఇది మీ ఊరి వాట్సాప్ గ్రూపులోకి కూడా వస్తుంది, మీ చుట్టాలు చూస్తారు, ఒకసారి వెళ్లాక పూర్తిగా వెనక్కి తేవడం మా చేతుల్లో ఉండదు" అని చెప్పండి. అప్పుడు అసలు భయాలు బయటికొస్తాయి. తలసేమియా కుటుంబాల్లో మొదట వచ్చే భయం డబ్బు గురించి కాదు. ఆ బిడ్డకు ఒక అక్క ఉంటుంది, ఆమెకు సంబంధాలు చూస్తుంటారు, "వాళ్లింట్లో రక్తం జబ్బుందట" అనే మాట ఊరు దాటితే ఏమవుతుందో వాళ్లకి తెలుసు. ఆ భయం తప్పని వాళ్లకు పాఠం చెప్పడం మీ పని కాదు. దాన్ని గౌరవించి వీడియోను దానికి తగ్గట్టు మార్చుకోవడమే మీ పని.

ముఖం లేకుండా తీయొచ్చు. కూతురి చేతిమీద ప్లాస్టర్ సవరిస్తున్న తల్లి వేళ్లు, వెనకనుంచి జడలు, బడి సంచి, గోడమీద క్యాలెండర్‌లో పెన్నుతో చుట్టిన తేదీలు. ఆ క్యాలెండర్ ఒక్కటి చాలు, రెండు మూడు వారాలకోసారి ఒక సున్నా, నెల తర్వాత నెల. అయితే ముఖం తీయలేదు కదా అని ధీమాగా ఉండొద్దు. కేస్ షీటు మీద పేరు, బ్లడ్ ప్యాకెట్ లేబుల్, యూనిఫాం మీద బడి బ్యాడ్జి, గుమ్మం పక్కన ఇంటి నంబరు, బండి నంబర్ ప్లేటు, వెనక గోడమీద ఊరి పేరున్న బోర్డు, వీటిలో ఏ ఒక్కటున్నా ఊరివాళ్లు గుర్తుపట్టేస్తారు. తీసిన ప్రతి షాట్‌నూ ఆపి, పెద్దది చేసి, మూలలు చూడండి.

చట్టం విషయం క్లుప్తంగా. బాలల సదనాల్లో ఉండే పిల్లలైతే జువెనైల్ జస్టిస్ చట్టం 2015లోని సెక్షన్ 74 ప్రకారం వాళ్ల పేరు, ఊరు, బడి, ఫొటో, గుర్తుపట్టే ఏ వివరమూ బయటపెట్టకూడదు. పుట్టినరోజుకి అనాథాశ్రమంలో కేకు కోసి పిల్లల ముఖాలతో రీల్స్ పెట్టేవాళ్లు ఇది తెలుసుకోవాలి. లైంగిక దాడికి గురైన పిల్లల విషయంలో పోక్సో చట్టం ఇంకా గట్టిది. హెచ్ఐవీ ఉన్నవాళ్ల సంగతి 2017 చట్టం కిందికి వస్తుంది, వాళ్ల ఒప్పుకోలు లేకుండా ఆ విషయం బయటపెట్టకూడదు. మామూలు జబ్బుల్లో కూడా 18 ఏళ్లలోపు వాళ్లకి తల్లిదండ్రుల సంతకం కావాలి, దాంతో పాటు ఆ పిల్లనో పిల్లాడినో కూడా విడిగా అడగాలి. పదేళ్ల బిడ్డకు తన గురించి ఎవరికి తెలియాలో చక్కగా తెలుసు.

అనుమతి పత్రం తెలుగులో, ఒక్క పేజీలో, వాళ్లు మాట్లాడే మాటల్లో రాయండి. చదువు రానివాళ్లకి చదివి వినిపిస్తూ దాన్నే ఫోన్‌లో రికార్డు చేయండి. ఒక కాపీ వాళ్ల దగ్గర ఉండాలి, అందులో మీ సంస్థ నంబరు ఉండాలి, "తర్వాత మనసు మారితే ఈ నంబరుకు చేయండి, తీసేస్తాం" అనే వాక్యం ఉండాలి. ఆస్పత్రి లోపల తీయడానికి సూపరింటెండెంట్ అనుమతి వేరే తీసుకోండి.

3. స్క్రిప్టు: రెండు గళ్లు గీయండి

తెల్లకాగితం మధ్యలో గీత గీసి ఎడమవైపు కనిపించేది, కుడివైపు వినిపించేది రాయండి. రెండువైపులా ఒకటే ఉంటే ఏదో ఒకటి కొట్టేయండి. సూది గుచ్చడం కనిపిస్తుంటే "ఇప్పుడు సూది గుచ్చుతున్నారు" అని చెప్పడం దేనికి?

మన వీడియోకు 90 సెకన్లు చాలు. ఆ మేరకు ఒక నమూనా చెప్తాను. మొదటి మూడు సెకన్లలో క్యాలెండర్, సున్నాలు, తల్లి గొంతు: "ఈ తారీఖు దాటితే పిల్ల లేవలేదు, మెట్లు ఎక్కలేదు." తర్వాత తెల్లవారకముందు బస్టాండు, వెనకనుంచి తల్లీబిడ్డ, సంచిలో టిఫిన్ బాక్సు. ఆ వెంటనే బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్, ఖాళీగా ఉన్న అర. ఇక్కడి నుంచి కథ దాత వైపు తిరగాలి. మీ పట్టణపు కుర్రాడో అమ్మాయో, మొదటిసారి ఇవ్వడానికి వచ్చినవాళ్లు, బరువు చూసే మిషన్ ఎక్కడం, వేలిమీద చుక్క తీసి హిమోగ్లోబిన్ చూడటం, కుర్చీలో పడుకుని రబ్బరు బంతి నొక్కడం, తర్వాత జ్యూస్, బిస్కెట్లు. వాళ్ల మాటల్లో: "సూదికి భయపడ్డాను, చూసేలోపే అయిపోయింది." చివరి పదిహేను సెకన్లు చిరునామా, టైము, తేదీలు, సంస్థ ఫోన్ నంబరు. అంతే.

సగానికి పైగా వీడియో దాత మీద ఉందని గమనించారా? అలా ఉండాలనే నా గట్టి అభిప్రాయం. ఏడుస్తున్న బిడ్డను చూసి జాలిపడినవాళ్లు ఒక ఏడుపు బొమ్మ పెట్టి ముందుకు పోతారు, తన వయసువాడే ధైర్యంగా ఇచ్చి నవ్వుతూ బయటికొచ్చినట్టు చూస్తే మాత్రం "నేనూ ఇవ్వగలను" అనుకుంటారు. ఇంకో సంగతి: రక్తం ఇచ్చినవాళ్ల ఊరు, కాలేజీ చెప్పండి, తీసుకునే బిడ్డ ఊరు చెప్పకండి. డిజిటల్ గ్రీన్ అనే సంస్థ 2006 నుంచీ రైతులతోనే రైతుల కోసం వీడియోలు చేయిస్తోంది, తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో కూడా పనిచేసింది. వాళ్ల అనుభవంలో వీడియో చూసిన రైతులు ముందుగా అడిగేది ఆ రైతు పేరేంటి, ఏ ఊరు అని. మనవాళ్లకి నమ్మకం కుదిరేది అక్కడే. దాత పేరూ ఊరూ, ఆయన ఒప్పుకుంటే, స్క్రీన్ మీద స్పష్టంగా వేయండి.

4. సామాన్లు

ఖర్చు పెట్టగలిగేది ఒక్కదానికే అయితే మైకు కొనండి. బొమ్మ కొంచెం మసగ్గా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే పది సెకన్లలో దాటేస్తారు. చొక్కాకు తగిలించే వైరు మైకు వెయ్యి రూపాయల లోపు కూడా దొరుకుతుంది, అది చాలు. మైకు లేకపోతే రెండో ఫోను తీసుకుని వాయిస్ రికార్డర్ ఆన్ చేసి మాట్లాడేవాళ్ల జేబులో పెట్టండి, మొదట్లో ఒక చప్పట్లు కొట్టించండి, ఎడిటింగ్‌లో ఆ చప్పుడు దగ్గర రెండూ కలపొచ్చు.

తర్వాత ఒక ట్రైపాడ్. లైట్లు వద్దు, కిటికీ ఉంటే చాలు, మనిషి ముఖం కిటికీ వైపు, కెమెరా వీపు కిటికీ వైపు. ఫోన్‌లో చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. లెన్సు తుడవండి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, ఖాళీ జాగా చూసుకోండి, 1080పీ సరిపోతుంది. ఆస్పత్రుల్లో ట్యూబ్‌లైట్ల కింద వీడియోలో గీతలు కదులుతున్నట్టు కనిపిస్తాయి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి. సెకనుకి 25 ఫ్రేములు, షటర్ 1/50 పెట్టుకుంటే అవి పోతాయి. ఫోన్ కెమెరాలో ఆ సెట్టింగు లేకపోతే ఉచితంగా దొరికే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్‌లో ఉంటుంది, మీ ఫోన్‌కి అది వస్తుందో లేదో ముందే చూసుకోండి. ముఖం మీద వేలు కాసేపు నొక్కిపట్టి ఫోకస్, వెలుతురు లాక్ చేయండి, లేకపోతే మాట్లాడుతుండగా బొమ్మ తెల్లబడుతూ నల్లబడుతూ ఉంటుంది.

నిలువా, అడ్డమా? వాట్సాప్ స్టేటస్‌కి, రీల్స్‌కి, షార్ట్స్‌కి నిలువు. కాలేజీ హాల్లో ప్రొజెక్టరు మీద వేయాలంటే అడ్డం. రెండూ కావాలంటే ముఖ్యమైన షాట్లు రెండుసార్లు తీయండి, అడ్డంగా తీసి తర్వాత కోస్తే తలలు తెగుతాయి.

5. తీసే రోజు

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు 1990ల చివర్లో వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. ఎక్కువమంది దళిత రైతు మహిళలు, చాలామంది బడి మెట్లు ఎక్కనివాళ్లు. షాట్లకు వాళ్లే పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ (ఊరి దొర) షాట్, మనిషి కళ్ల ఎత్తులో కెమెరా పెట్టి తీసేది సంఘం షాట్, సంఘంలో అందరూ సమానం కాబట్టి. సేవా సంస్థల వీడియోల్లో కెమెరా ఎక్కడ పెట్టాలో ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. మంచం మీద కూర్చున్న బిడ్డను నిలబడి తీయకండి, మీరూ కింద కూర్చోండి. మీరు ఫ్రేములో లేకపోయినా మీరు ఎక్కడ నిలబడ్డారో చూసేవాళ్లకు తెలిసిపోతుంది.

ఇంటర్వ్యూకి ఫ్యాను ఆపండి, ఫ్రిజ్ తీగ పీకేయండి (తర్వాత మళ్లీ పెట్టడం మర్చిపోవద్దు), కోడి కూసినా, వీధిలో కూరగాయల బండి మైకు మోగినా ఆగండి. మాట్లాడే మనిషి కెమెరా వైపు కాకుండా పక్కన కూర్చున్న మీ వైపు చూస్తూ మాట్లాడితే చాలా తేలికపడతారు. "మీకు చాలా బాధగా ఉందా?" అని అడగొద్దు, "అవును" అని ఊరుకుంటారు. "పోయిన నెల రక్తం దొరకని రోజు పొద్దున్నుంచీ ఏమైందో చెప్పండి" అనండి, మనిషి ఆ రోజులోకి వెళ్లి బస్సు, ఫోన్లు, ఎవరు కసిరారో, ఎవరు సాయం చేశారో అన్నీ చెబుతారు. జవాబు అయిపోయిందనుకున్నాక వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి. నాలుగైదు సెకన్లు ఊరుకుంటే చాలాసార్లు అసలు మాట అప్పుడొస్తుంది. ఏడుపు వస్తే కెమెరా ఆపండి. ఆమె నీళ్లు తాగి, మళ్లీ మాట్లాడతానంటేనే మొదలుపెట్టండి, ఏడ్చిన ముక్క వాడాలా వద్దా అన్నది ఆమెనే అడగండి.

యాస మార్చకండి. పాలమూరు తల్లి పాలమూరు మాటే మాట్లాడాలి, శ్రీకాకుళం తల్లి శ్రీకాకుళం మాటే. "కొంచెం నీట్‌గా చెప్పండమ్మా" అన్న క్షణంలో ఆమె మాట ఆగిపోయి పాఠం అప్పజెప్పడం మొదలవుతుంది.

మాటలు కాక విడి షాట్లు కావాలి: చేతులు, తలుపు, రిజిస్టరు, బస్సు కిటికీ. ప్రతిదీ పది సెకన్లు కదలకుండా తీయండి. జూమ్ చేయకండి, కావాలంటే మీరే దగ్గరికి వెళ్లండి. వచ్చేముందు ఆ గదిలో ఎవరూ మాట్లాడకుండా అరనిమిషం శబ్దం రికార్డు చేసుకోండి, ఎడిటింగ్‌లో అతుకులు కనపడకుండా చేయడానికి అది ఎంతో పనికొస్తుంది.

ఫ్లెక్సీలు, దాతలు, నాయకుల సంగతి. క్యాంపు దగ్గరికి పెద్దమనిషి వస్తాడు, ఆయనతో పాటు పదిమంది, అందరూ కలిసి ఒక యాపిల్ పట్టుకుని ఒక రోగికి ఇస్తారు. ఆ దృశ్యం మీ వీడియోలో వద్దు. ఒక్కరి అవసరాన్ని పదిమంది ఫొటో కోసం వాడుకోవడమది. కానీ ఆయన్ని నొప్పించి ఊళ్లో పని చేయలేరు కదా, అందుకని ఆయనతో విడిగా ఒక నిమిషం వీడియో తీయండి, "నేను ఫలానా రోజు రక్తం ఇస్తున్నాను, మీరూ రండి" అని చెప్పించండి, ఆయన పేజీలో పెట్టుకోమని ఇచ్చేయండి. ఆయనా సంతోషిస్తాడు, పిలుపూ ఇంకో పదిమందికి చేరుతుంది.

6. ఎడిటింగ్

ముందు కాగితం మీద చేయండి. ఇంటర్వ్యూ మొత్తం విని వాక్యాలు రాసుకుని, పనికొచ్చేవాటి పక్కన టైము వేసుకుని, ఆ వరుసలో కోయండి. ఫోన్‌లో అయితే వీఎన్, కైన్‌మాస్టర్ లాంటివి, కంప్యూటర్ ఉంటే డావించి రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఏ సంస్థకైనా సరిపోతుంది.

తెలుగు అక్షరాల దగ్గర చాలామందికి తలనొప్పి. డీటీపీ షాపులో అను ఫాంట్లలో టైపు చేయించుకొచ్చింది వీడియో యాప్‌లో వేస్తే పిచ్చి గీతలుగా మారుతుంది, అది యూనికోడ్ కాదు కాబట్టి. ఫోన్ కీబోర్డులో మీరే టైపు చేయండి, గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, ఎన్టీఆర్ లాంటివి ఉచితంగా ఉన్నాయి. కొన్ని యాపుల్లో వత్తులు విడిపోయి పక్కకి పడతాయి. "రక్తం"లో క కింద త వత్తు సరిగా కూర్చుందో లేదో చూస్తే ఆ యాప్ సంగతి తేలిపోతుంది, కుదరకపోతే అక్షరాలను ఎక్కడైనా సరిగా టైపు చేసి బొమ్మగా సేవ్ చేసి వీడియో మీద అతికించండి.

మాట్లాడిన ప్రతి మాటా కింద అక్షరాల్లో రావాలి. బస్సులో సౌండు లేకుండా చూసేవాళ్లు, వినపడనివాళ్లు ఇద్దరూ ఉన్నారు. వరుసకి ఐదారు మాటలకు మించొద్దు. ఫోన్ అడుగున బటన్లు, పేర్లు కప్పేస్తాయి కాబట్టి నిలువు వీడియోలో అక్షరాలు మరీ కిందికి పెట్టకండి. బయటి రాష్ట్రాల దాతలకో ఫండింగ్ సంస్థలకో పంపాలంటే ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు వేరే ఫైలుగా పెట్టుకోండి, తెలుగు వీడియోను ఇంగ్లిష్‌తో నింపొద్దు.

సినిమా పాట వేయకండి. యూట్యూబ్ గుర్తుపట్టి కాపీరైట్ క్లెయిమ్ వేస్తుంది, కొన్నిసార్లు వీడియోనే ఆపేస్తుంది. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం ఉంది, కానీ తల్లి మాట్లాడుతుండగా కింద ఏడుపు వయొలిన్ కూడా వద్దు. ఆమె మాటకు ఆ సాయం అక్కర్లేదు. వ్యాఖ్యానం కావాల్సి వస్తే కంప్యూటర్ గొంతు వాడకుండా మీ ఊరి టీచరమ్మతోనో, చక్కగా మాట్లాడే విద్యార్థితోనో చదివించండి.

ఇంటర్నెట్‌లో దొరికిన వేరే దేశపు బిడ్డ ఫొటో, వేరే ఆస్పత్రి వీడియో ముక్క పెట్టొద్దు. ఒక్కసారి ఎవరైనా పట్టుకుంటే మీరు చేసిన నిజమైన పనిని కూడా నమ్మరు.

7. మొదట చూడాల్సింది అందులో ఉన్నవాళ్లే

అప్‌లోడ్ చేయకముందు ఫోన్ పట్టుకుని ఆ ఇంటికి వెళ్లండి. లింకు పంపి "ఓకేనా?" అని అడగడం చాలదు, ఎదురుగా కూర్చుని చూపించాలి. తల్లి, తండ్రి, ఆ అక్క, ఆ బిడ్డ అందరూ చూడాలి. చూస్తున్నప్పుడు వీడియో వైపు కాక వాళ్ల ముఖాల వైపు చూడండి. ఎక్కడ తల దించుకున్నారో అక్కడ ఆపి అడగండి. ఆ ముక్క తీసేయాలి, అది మీ వీడియోలో అందరికన్నా మీకు నచ్చిన ముక్క అయినా సరే. రేపు వాళ్లు అదే వీధిలో, అదే బడిలో, అదే కిరాణా కొట్టు ముందు బతకాలి, మనం ఇంకో వీడియోకి వెళ్లిపోతాం.

తర్వాత బ్లడ్ బ్యాంకు డాక్టరుకు చూపించి అంకెలు సరిచూసుకోండి. చివరగా ఈ విషయం ఏమీ తెలియని ఒక కాలేజీ కుర్రాడికి చూపించి ఒక్కటే అడగండి: "ఇప్పుడు నువ్వేం చేయాలి?" ఠక్కున చెప్పలేకపోతే చివరి పదిహేను సెకన్లు మళ్లీ చేయండి.

8. జనంలోకి

రక్తం కోసం పెట్టిన పాత మెసేజ్‌లు ఏళ్ల తరబడి గ్రూపుల్లో తిరుగుతూ ఉంటాయి, ఎప్పుడో కోలుకున్న మనిషి ఇంటికి ఇంకా ఫోన్లు వస్తూనే ఉంటాయి. కాబట్టి వీడియో మీద తేదీ వేయండి, "మే 8 వరకే" అన్నట్టు గడువు సంవత్సరంతో సహా స్క్రీన్ మూల మొదటి నుంచి చివరిదాకా ఉండనివ్వండి. కుటుంబం నంబరు ఎప్పుడూ వేయొద్దు, సంస్థ నంబరే వేయండి, ఆ నంబరు ఎత్తేవాళ్లు ఉన్నారో లేదో చూసుకోండి. ఏ బ్లడ్ బ్యాంకులో ఏ గ్రూపు ఉందో చూడటానికి ప్రభుత్వానిది ఈ-రక్త్‌కోష్ అనే పోర్టల్ ఉంది, దాని పేరు కూడా వేయొచ్చు.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ తగ్గిపోతుంది, ఇతర సంస్థలకి అసలు ఫైలు ఇవ్వాలంటే డాక్యుమెంట్‌గా పంపండి. అయితే ఎన్ని గ్రూపుల్లో పెట్టినా, ఒక తరగతి గదిలో నలభైమందికి ప్రొజెక్టరు మీద చూపించి, పక్కన ఒకసారి ఇచ్చినవాళ్లని నిలబెట్టి, మధ్యలో ఆపి సందేహాలు అడగనిచ్చి, అక్కడికక్కడే ఎవరు ఏ రోజు వస్తారో పేర్లు రాసుకోవడంతో సమానం కాదు. అమ్మలు ఒప్పుకోవడం లేదన్నారు కదా, అదే వీడియో పొదుపు సంఘం మీటింగులో కూడా వేయండి.

డబ్బు అడిగే వీడియో అయితే రెండు మాటలు. యూపీఐ క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే సంస్థ పేరే రావాలి, కార్యదర్శి సొంత పేరు వస్తే ఎవరికైనా అనుమానమే. రెండోది, మన వీడియోలు డల్లాస్‌కీ న్యూజెర్సీకీ ఒక్క పూటలో చేరతాయి, అక్కడి తెలుగువాళ్లు మంచి మనసుతో పంపుతామంటారు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ తన సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే) కార్డున్నా సరే, పంపితే వస్తుంది, దానికి మీ సంస్థకు విదేశీ విరాళాల చట్టం కింద ఇచ్చే ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి. లేనివాళ్లు వీడియోలోనే ఆ మాట రాసేయండి, తీసుకున్నాక టెన్షన్ పడేకన్నా అది నయం.

9. తర్వాత

ఎన్ని వ్యూస్ అన్నది పక్కన పెట్టండి. బ్లడ్ బ్యాంకు రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర "మీకెలా తెలిసింది?" అని ఒక గడి పెట్టమని అడగండి, వచ్చినవాళ్లలో వీడియో చూసి వచ్చింది ఎందరో, మొదటిసారి ఇచ్చింది ఎందరో తెలుస్తుంది. ఆ అంకెలు ఆ కుటుంబానికీ దాతలకీ కూడా చెప్పండి. మూడు నెలలు దాటాక అదే దాతలకు, అమ్మాయిలకైతే నాలుగు నెలలకి, ఒక ముప్పై సెకన్ల వీడియో పంపండి, మళ్లీ రమ్మని.

తీసిన ఫైళ్లన్నీ తేదీతో పేర్లు పెట్టి రెండు చోట్ల దాచండి. అనుమతి పత్రాలు కూడా ఆ ఫోల్డర్‌లోనే ఉండాలి. వాలంటీర్ల ఫోన్లలో మిగిలిపోయిన ముక్కలు అదే వారం తుడిపించేయండి, ముఖ్యంగా ముఖాలు కనిపించేవి. ఏ వీడియో ఏ ఏ పేజీల్లో, ఎవరి చానల్‌లో పెట్టారో ఒక జాబితా రాసుకోండి, ఎందుకంటే రెండేళ్ల తర్వాత ఆ తండ్రి ఫోన్ చేసి "పెద్దమ్మాయికి సంబంధం కుదిరేలా ఉంది, ఆ వీడియో తీసేయండి" అనొచ్చు. కారణం అడగకండి, బతిమాలకండి. ఆ జాబితా ముందు పెట్టుకుని ఒక్కో చోటా అదే రోజు తీసేయండి, ఇతర పేజీలవాళ్లకి మీరే ఫోన్ చేసి తీయించండి, తీశాక ఆయనకు ఫోన్ చేసి ఎక్కడెక్కడ తీశారో, ఎక్కడ మీ చేతిలో లేకపోయిందో ఉన్నదున్నట్టు చెప్పండి.